వడ్లు కొరికే పళ్ళు

ఎనభై దాటిన నా నోట్లో ఈ మధ్య రెండు కొత్త పళ్ళు వచ్చాయి. ఎడమవైపు కింది దవడలో, ఎముకలోకి మర బిగించి దాని మీద కట్టినవి. మీరు ఇంప్లాంట్లు అంటారు. సూర్యాపేటలో వాటిని పెట్టిన డాక్టరమ్మకు నా మనవరాలి వయసుంటుంది. కొన్ని నెలలయ్యాక నన్ను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి, సొంత పళ్ళలాగే ఉన్నాయా అని అడిగింది. ఆ ప్రశ్న పళ్ళు కట్టే పనిలో నేను నా ఉద్యోగమంతా ఇతరులను అడిగినదే. నన్ను ఎవరైనా అడగడం అదే మొదలు. చాలా బాగున్నాయి, కానీ సొంత పళ్ళలాగా కాదు అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. ఆ తేడా ఏమిటో తన దగ్గర పని నేర్చుకునే పిల్లలకు రాసిపెట్టమంది. అందుకే ఈ కాగితాలు.

ముందు మంచి చెప్పాలి. ఈ రెండూ కదలవు. జామకాయ కొరుకుతున్నాను, వేయించిన పల్లీలు నములుతున్నాను. పడుకునే ముందు తీసి గిన్నెలో వేయనక్కరలేదు. తుమ్మితే ఊడిపడవు. అంగిలి మీద పలక అడ్డం లేదు కనుక పులుపు పులుపుగానూ వేడి వేడిగానూ తెలుస్తుంది. నేను చేసిన కట్టుడు పళ్ళలో అన్నిటికంటే మంచి సెట్టు కూడా వీటి ముందు నిలబడదు. ఇలా రాయడానికి నాకు కష్టంగానే ఉంది, అయినా నిజం.

తేడా అన్నంలో రాయి వచ్చినప్పుడు తెలుస్తుంది. కుడివైపు నా సొంత పళ్ళున్నాయి. అటు రాయి తగిలితే నేను తెలుసుకునే లోపే దవడ ఆగిపోతుంది. ఎడమవైపు ఆగదు. కరకరమన్న చప్పుడు చెవికి వినబడ్డాకే నాకు తెలుస్తుంది. మీకు పాఠంలో చెప్పే ఉంటారు. సొంత పంటి వేరు ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు, మధ్యలో సన్నని నారపొర ఉంటుంది. పన్ను దాని మీద వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలికే మెదడుకు కబురు. మీ మర ఎముకనే పట్టుకుంటుంది. అందులో బలం ఎక్కువ, కబురు తక్కువ. మేము కట్టిన పళ్ళు చిగుళ్ళ మీద ఊరికే కూర్చునేవి. వాటికి బలమూ అంతంతే, కబురూ అంతంతే.

ఇదంతా నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో వడ్లు చూసే పెద్దాయన దగ్గర, ఆయనకు నష్టం చేసి నేర్చుకున్నాను.

మా తాతగారి గడి, అంటే దొరల కోట లాంటి ఇల్లు, పాలకీడు దగ్గర ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ వడ్లన్నీ మా గుమ్ముల్లోకి వచ్చేవని ఇంట్లో చెప్పేవారు. నేను చూసినవి మాత్రం ఖాళీ గుమ్ములే. పోలీసు యాక్షన్ తర్వాత భూమి పోయింది, మిగిలినదాన్ని వ్యాజ్యాలు తినేశాయి. నేను ఎదిగేసరికి మా నాన్నకు మిగిలింది వెండి పొన్ను కర్ర, ఇతరుల గడప మనంతట మనం తొక్కకూడదన్న నియమం. హైదరాబాదులో పళ్ళు కట్టే పని నేర్చుకుని, 1956లో సూర్యాపేటలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర చేరాను. అప్పుడు మా నాన్న నన్ను కోరింది ఒక్కటే. ఊళ్ళో ఎవరైనా అడిగితే దవాఖానలో ఉద్యోగం అని చెప్పమన్నారు, నలుగురి నోళ్ళకు అచ్చులు తీస్తానని చెప్పవద్దన్నారు. అలాగే చెప్పాను. ఇస్త్రీ చొక్కా లేకుండా నేను పనికి వెళ్ళిన రోజు లేదు. పళ్ళ మెకానిక్ అని పిలిచినవాళ్ళకు పలికిన రోజూ లేదు.

డాక్టరు గారు కృష్ణ అవతలి నుంచి వచ్చినవారు. నవ్వు ముఖం, తొందర లేని చెయ్యి, మాట చివర తప్పకుండా ఒక అండి. సోమవారం కోదాడ, గురువారం మిర్యాలగూడ, మిగతా రోజులు సూర్యాపేట. బస్సులో ఆయన ఒడిలో పనిముట్ల పెట్టె, నా ఒడిలో ప్లాస్టర్ డబ్బా ఉండేవి. రెండు ఊళ్ళలోనూ ఒక్కో గది కిరాయికి తీసుకున్నాం. నోటి అచ్చు అక్కడ తీసేవాళ్ళం. సూర్యాపేటకు తెచ్చి నేను ప్లాస్టర్ పోసి, మైనం మీద పళ్ళు పేర్చేవాణ్ణి. మరుసటి వారం ఆ మైనాన్ని నోట్లో పెట్టి చూసేవాళ్ళం. సరిపోతే మైనం కరిగించి, దాని చోట గులాబి రంగు ప్లాస్టిక్కు ముద్ద నింపి, ఇత్తడి పెట్టెలో బిగించి నీళ్ళలో ఉడికించాలి. తర్వాత ఆకురాయి, మెరుగు. పని అంతే.

అందులో నేను గర్వపడింది పేర్పు గురించి. చాలామంది పళ్ళను గోడ కట్టినట్టు పేర్చేవారు. నేను మనిషి ముఖం చూసి, ఒకటి కొంచెం వంకరగా, ఒకటి కొంచెం పొట్టిగా పెట్టేవాణ్ణి. కోదాడలో ఒక పంతులమ్మకు సెట్టు కట్టాక, ఆమె బడిలో పిల్లలెవరూ కనిపెట్టలేదు. అయితే ఆమె 'శ' అన్నప్పుడల్లా ఈల వినబడేదట. ముందు బెంచీ పిల్లలు కావాలని శకుంతల పాఠం మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకునేవారట. ఆమె ఆ సంగతి కోపంగా మొదలుపెట్టి నవ్వుతో ముగించింది. నేను ముందు పళ్ళ వెనక వెంట్రుకవాసి అరగదీశాను, ఈల పోయింది. ఇలాంటి లోపాలు నాకు ఇష్టం. ఆకురాయికి లొంగే లోపాలు.

సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చి, మిర్యాలగూడ చుట్టూ మిల్లులు లేస్తున్న కాలం అది. ఒక గురువారం పెద్దాయన ఒకడు మా గదికి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. భుజం మీద తువ్వాల, మెడ వెనక బస్తాలు మోసి మోసి కాచిన కాయ. తిండి సరిగా తినలేక చిక్కిపోతుంటే మిల్లు సేటు పళ్ళు కట్టించుకొమ్మని పంపాడట. గుమ్మంలోనే చెప్పులు విడిచి, డాక్టరును దాటి నన్ను చూసి చేతులు జోడించాడు.

"మీరు పాలకీడు దొరగారి మనుమలు గద. మా నాయిన మీ కాడ జీతమున్నడు దొరా."

ఆ పిలుపు నేను విని ఇరవై ఏళ్ళయింది. గదిలో ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు, వాళ్ళంతా తలెత్తి చూశారు. నా వెన్ను ఇంకొంచెం నిటారైంది. అక్కడి నుంచే తప్పు మొదలైంది.

నోట్లో నాలుగే పళ్ళు మిగిలాయి. కుడివైపు పైన రెండు, కింద రెండు, ఎదురెదురుగా దవడ పళ్ళు. అరిగి, పొగాకుతో నల్లబడి ఉన్నాయి. డాక్టరు గారు వేళ్ళతో ఊపి చూసి, "రాళ్ళండీ ఇవి" అన్నారు. వీటిని ఉంచి, వీటికి తీగ చుట్టి, మిగతా చోట పళ్ళు కడదామన్నారు.

నేను ఆయన్ను పక్కకు పిలిచి కాదన్నాను. నాలుగు ఉంచితే సెట్టు ఒకవైపే పట్టు దొరికి రెండోవైపు లేస్తుంది. తీగలు కనబడతాయి. నల్ల పళ్ళ పక్కన తెల్ల పళ్ళు అతుకు వేసినట్టుంటాయి. ఇవాళ కాకపోతే నాలుగేళ్ళకు అవీ పోయేవే, అప్పుడు మళ్ళీ మొదటి నుంచి కట్టాలి. ఇవన్నీ ఆ రోజుల్లో మా పనిలో అందరూ చెప్పే కారణాలే, అబద్ధాలు కావు. చెప్పని కారణం ఒకటి ఉంది. నన్ను దొర అని పిలిచిన మనిషి నోట్లో అతుకుల పని పెట్టడం నాకు ఇష్టం లేదు. డాక్టరు గారు, కట్టేది మీరు కదండీ, మీ ఇష్టం అన్నారు.

పెద్దాయన కుర్చీలో కూర్చుని ఒక్కసారే అడిగాడు.

"దొరా, ఇవి నాలుగు గట్టిగనే ఉన్నయి. ఉంచితే నడువదా?"

"వీటికంటె మంచివి పెడత. నీ సొంత పండ్లు గూడ ఇంత బాగ పనిచెయ్యలేదు అనుకుంటవు."

"మీరంటె సరే" అని నోరు తెరిచాడు.

ఆ నాలుగింటినీ తీయడానికి డాక్టరు గారికి చాలాసేపు పట్టింది. చెమట తుడుచుకుంటూ ఆయన నా వైపు ఒకసారి చూశారు.

మీరు గమనించారో లేదో, ఇద్దరం కలిసి ఆ మనిషిని ఏం తింటావని అడిగాం, ఏ వైపు నములుతావని అడిగాం, పొగాకు మానమని చెప్పాం. ఏం పని చేస్తావని అడగలేదు. మెడ మీది కాయ చూసి హమాలీ అనుకున్నాం. ఆయన హమాలీగా చేరింది నిజమే. కానీ అప్పటికి పదిహేనేళ్ళ నుంచి, కాలువ రాకముందే ఉన్న ఆ మిల్లులో, ఆయన పని వడ్లు చూడడం. బండి దిగిన బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, ఒక గింజ పంటి కింద కొరికి, ఆరిందో పచ్చిదో చెప్పాలి. ఆరినవంటే తూకానికి పోతాయి. పచ్చివంటే కల్లంలో ఎండకు పోతాయి. పచ్చి వడ్లు పొరపాటున గోదాములో పేరిస్తే లోపల వేడెక్కి బియ్యం పసుపుబారతాయి, వాసన వస్తాయి. ఇదంతా ఆయన చేసింది మేము తీసేసిన ఆ నాలుగు పళ్ళతోనే.

చిగుళ్ళు మానడానికి రెండు నెలలు ఆగి, మిల్లుకు వడ్లు రాని రోజుల్లోనే, సెట్టు కట్టాను. నా చేతి మీదుగా వెళ్ళినవాటిలో పది మంచి సెట్లు ఏరమంటే అదొకటి. పీక్కుపోయిన బుగ్గలు నిండాయి. అద్దం చేతికిస్తే చాలాసేపు చూసుకుని, మా నాయిన లెక్క కొడుతున్న అన్నాడు. రెండో వారానికి జొన్న రొట్టె తిన్నానన్నాడు. మూడో వారం కూర ముక్క. అంగిలి మీద పలక వల్ల రుచి కొంచెం తగ్గిందా అంటే, నోట్లోకి వచ్చినంక అదే తెలుస్తది అన్నాడు. గురువారం గురువారం వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. ఎట్లున్నయి అంటే ఒకటే జవాబు.

"మంచిగున్నయి దొరా. ఏం పరేషాన్ లేదు."

తిరుగు బస్సులో డాక్టరు గారు ఒకసారి అనుమానపడ్డారు. కొత్త సెట్టు పెట్టుకున్నవాడికి మొదటి నెలలో ఎక్కడో ఒకచోట ఒరుసుకుని పుండు పడుతుంది, తిట్టుకుంటూ వస్తాడు. ఈయన ఒక్కనాడూ తిట్టలేదు. "ఇంత బాగున్నాయని చెప్పేవాణ్ణి నేను నమ్మనండీ" అన్నారు. ఆయనకు నా పేర్పు మీద అసూయ అనుకున్నాను. దాన్ని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

వరికోతలు వచ్చాయి. మిర్యాలగూడ రోడ్డంతా బండ్లు, బండ్ల మీద బస్తాలు. అలాంటి ఒక గురువారం పొద్దున ఒకామె మా గది ముందుకు వచ్చి నిలబడింది. ముప్ఫై దాటి ఉంటాయి. జుట్టు నిండా కల్లం ధూళి, కొంగు నడుముకు చుట్టి ఉంది. పండ్లు కట్టే దొర మీరేనా అని అడిగింది. పెద్దాయన కూతురు. అదే మిల్లు కల్లంలో వడ్లు ఎండబోసి నెరిపే పని చేస్తుంది.

ఆమె చెప్పింది ఇది. పెన్‌పహాడ్ వైపు నుంచి వచ్చిన వడ్లను తండ్రి కొరికి చూసి ఆరినవన్నాడు. గోదాములో పేర్చారు. వారానికల్లా నడిమి బస్తాలు చెయ్యి పెడితే కాలేటంత వేడెక్కాయి, బియ్యం పాడైపోయాయి. అంతకుముందు చిన్నవి ఒకటి రెండు జరిగినా సేటు ఊరుకున్నాడు. ఈసారి ఊరుకోలేదు. ఇవాళ పొద్దెక్కినాక తన ముందే మూడు బస్తాలు చూపిస్తాడు. తండ్రి తప్పు చెప్పాడంటే రేపటి నుంచి ఇంట్లో కూర్చోవాలి. కోదాడ నుంచి సేటు వేరే మనిషిని మాట్లాడుకున్నాడు.

"మా నాయినకు మీ ముందట నోరు లేవదు" అంది. "ఇంటికొచ్చి పిడికెడు వడ్లు ముందట పోసుకొని ఒక్కొక్కటి కొరుక్కుంట కూసుంటడు. ఏం తెలుస్తలేదు బిడ్డా, కట్టె మీద కట్టె కొట్టినట్టుంది అంటడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"దొర చేత్తోని చేసిండు, బాగలేదని ఎట్లంట అంటడు. మా తాత గూడ మీ ఇంట్ల పోసిన గంజి బాగలేదని ఎన్నడనలేదంట."

గొంతు పెంచకుండానే అంది. డాక్టరు గారు చేతిలో ఉన్న పనిముట్టును మళ్ళీ మళ్ళీ తుడుస్తూ తల దించుకున్నారు.

నేను నీలి కాగితం, ఆకురాయి జేబులో వేసుకుని ఆమె వెంట బయలుదేరాను. నీలి కాగితం మీకు తెలుసు. పళ్ళ మధ్య పెట్టి కొరికిస్తే ఎక్కడ ఎత్తుందో అక్కడ గుర్తు పడుతుంది. ఒక పన్ను ఎత్తుగా ఉండి ఉంటుంది, అరగదీస్తే తీరిపోతుంది అనుకుంటూ నడిచాను. ఆ మిల్లు గుమ్మం నేను అంతవరకు తొక్కలేదు. ప్రతి గురువారం బస్టాండు నుంచి చుట్టూ తిరిగి వేరే వీధిలో వచ్చేవాణ్ణి. ఎందుకంటే ఆ సేటు తండ్రి మా గడి ముందు వడ్ల బేరానికి గంటలు గంటలు నిలబడేవాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆయన కొడుకు మిల్లులోకి నేను వెళ్ళడం మా నాన్న చూడలేదు కనుక సరిపోయింది.

సేటు కాటా పక్కన కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి లేచి, "రాండ్రి, కూసోండ్రి" అని ఆ కుర్చీయే చూపించాడు. నేను కూర్చోలేదు. మూడు బస్తాలు మూతి విప్పి వరసగా నిలబెట్టి ఉన్నాయి. నలుగురైదుగురు హమాలీలు పని ఆపి చూస్తున్నారు. పెద్దాయన నన్ను చూసి కంగారుపడి తువ్వాల భుజం మీది నుంచి తీసి చంకలో పెట్టుకున్నాడు.

ముందు నీలి కాగితం కొరికించాను. సెట్టు తీసి వెలుతురులో చూశాను. రెండు వైపులా, పన్ను పన్నుకీ సమానంగా నీలి చుక్కలు. పూసల దండలా ఉన్నాయి. ఎక్కడా ఎత్తు లేదు, ఎక్కడా పల్లం లేదు. ఆకురాయి పెట్టడానికి చోటే లేదు. నా ఉద్యోగంలో నా పని అంత సరిగ్గా కుదరడం నేను అరుదుగా చూశాను. దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. పనిలో లోపం లేదంటే లోపం మరెక్కడో ఉంది.

సెట్టు కడిగి ఇచ్చాను. పెద్దాయన పెట్టుకుని మొదటి బస్తాలో చెయ్యి పెట్టాడు, గింజ కొరికాడు. ఆరినయి అన్నాడు. సేటు తల ఊపాడు. రెండో బస్తాలో చెయ్యి చాలాసేపు ఉంచాడు. ఒక గింజ కొరికాడు, ఇంకొకటి కొరికాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఇవి గూడ ఆరినయే" అన్నాడు.

సేటు కాటా వైపు చూశాడు. అవి ముందు రోజు బండి దిగిన పచ్చి వడ్లని అక్కడ అందరికీ తెలుసు, చెప్పినవాడికి తప్ప. ఒక హమాలీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"వయసైంది సేటూ" అన్నాడు పెద్దాయన. "పండ్లు మంచిగనే ఉన్నయి. నాకే మతి తప్పుతాంది."

ఆ మాట సేటుతో అంటూ నా వైపు చూశాడు. నన్ను ఓదార్చడానికి అన్నట్టు చూశాడు. పని పోతున్నది ఆయనది.

వెంటనే మాట్లాడానని మీకు చెప్పాలని ఉంది. మాట్లాడలేదు. ఊరుకుంటే ఈ మనిషి ముసలితనం వల్ల పని పోగొట్టుకున్నాడని అందరూ అనుకుంటారు. నా సెట్టు మంచిదన్న పేరు అలాగే ఉంటుంది. ఆయన కూడా అదే సాక్ష్యం చెబుతున్నాడు. ఆ దారి ఎంత తేలికగా ఉందో చూశాక ఇక ఊరుకోలేకపోయాను.

"సేటూ, మతి తప్పింది ఆయనకు గాదు" అన్నాను. "ఆయన నోట్ల నాలుగు మంచి పండ్లుండె. డాక్టరు ఉంచమన్నడు. నేను పీకించిన. నా సెట్టు అందంగ కనపడాలని పీకించిన."

సేటు నన్ను నెమ్మదిగా కింది నుంచి పైదాకా చూశాడు.

"మా నాయిన మీ గడి ముంగట ఇరువై ఏండ్లు నిలవడ్డడు. తప్పు మాది అన్న మాట ఆడ ఒక్కనాడు వినలేదంట" అన్నాడు. కసిగా అనలేదు. ఆశ్చర్యపోయినట్టు అన్నాడు. తర్వాత చెయ్యి తిప్పాడు. "గని పీకిన పండ్లు మళ్ల మొలుస్తయా? ఇగ నన్నేం చెయ్యమంటరు?"

జవాబు పెద్దాయన దగ్గర ఉంది. ఆయన వెనక్కి తిరిగి సెట్టు తీసి తువ్వాల కొనలో చుట్టాడు. బుగ్గలు లోపలికి పోయి, నేను మొదటి రోజు చూసిన ముఖమే మళ్ళీ వచ్చింది. రెండో బస్తాలోంచి కొన్ని గింజలు తీసి నా అరచేతిలో పోశాడు.

"జర మీరు కొరుకుండ్రి దొరా."

బస్తా పక్కన గొంతుకూర్చున్నాను. ఒక గింజ నోట్లో వేసుకుని కొరికాను.

"ఏమనిపిస్తంది?"

"వడ్లు" అన్నాను.

హమాలీలు నవ్వారు. సేటు కూడా నవ్వాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. పిల్లవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పాడు.

"గట్ల ఒక్క తీరుగ కొరకొద్దు. పంటి కిందికి తెచ్చి ఊకె వత్తుండ్రి. ఇరిగే ముందు గింజ పంటిని నూకుతదా, కుంగుతదా? గది చెప్పుండ్రి."

మళ్ళీ కొరికాను. ఏమీ తెలియలేదు. మూడో గింజ, నాలుగో గింజ. ఐదో గింజ దగ్గర, విరగడానికి ముందు, లెక్కకు రానంత సేపు, పంటి కింద ఏదో మెత్తగా లొంగినట్టయింది. కుంగింది అన్నాను. అది పచ్చి అన్నాడాయన. మొదటి బస్తాలోంచి ఇచ్చాడు. ఈసారి గింజ పంటిని వెనక్కి నెట్టి, ఆపైన టక్కున విరిగింది. అది ఆరింది అన్నాడు. మూడో బస్తాకు వచ్చేసరికి పది గింజలు కొరికించాడు. నేను కుంగింది, నూకింది, నూకింది, కుంగింది అని చెబుతూ పోయాను. ఆయన ఒక చెయ్యి బస్తాలో పెట్టి, తల పక్కకు వంచి విన్నాడు.

"ఇవి కలిపినయి సేటూ. పైన కల్లంలయి, కింద బండియి" అన్నాడు.

సేటు కుర్చీలోంచి లేచి వచ్చాడు. పరీక్ష కోసం అలా కలిపించింది ఆయనే. కాసేపు బస్తాను, తర్వాత పెద్దాయనను చూశాడు.

"మంచిగనే ఉంది. దొరగారు రోజు సూర్యాపేట నుంచి వచ్చి కొరికిపోతరా?"

"నా పండ్లు లేవా సేటూ?" అంది కూతురు. అంతసేపూ ఆమె కల్లం అంచున పార పట్టుకుని నిలబడి ఉంది. "ఆయన అడుగుతడు, నేను కొరుకుత."

సేటు ఆలోచించాడు. ఆడమనిషి వడ్లు చూడడం ఆ మిల్లులో అంతవరకు లేదు. పక్క మిల్లులవాళ్ళు ఏమంటారో కూడా ఆలోచించి ఉంటాడు. చివరికి, ఈ పంట దాకా చూద్దాం అన్నాడు. ఆ పంట అయింది, తర్వాత పంట అయింది. తండ్రి బస్తాలో చెయ్యి పెట్టేవాడు, కూతురు గింజ కొరికేది, ఆయన అడిగేవాడు, ఆమె చెప్పేది. ఒకరి వేళ్ళు, ఇంకొకరి పళ్ళు. ఆయన పోయాక ఆమె ఒక్కతే చూసింది. ఆమె ఊ అంటేనే తూకం అనేంత పేరు వచ్చిందని తర్వాత విన్నాను.

సెట్టు ఆయన వాడుకున్నాడు. తినడానికి, చర్చికి, పెళ్ళిళ్ళకు పెట్టుకునేవాడు, మిల్లులో తీసేసేవాడు. గురువారాలు మా గదికి రావడం మానలేదు. తేడా ఒక్కటే వచ్చింది. ఎట్లున్నయి అంటే, "మంచిగున్నయి దొరా, గని" అని మొదలుపెట్టేవాడు. ఎడమవైపు ఒరుస్తుందనో, వేడి చాయ్ తెలియడం లేదనో, నవ్వితే జారుతుందనో. ఆ 'గని' తర్వాత వచ్చేదంతా నేను రాసుకునేవాణ్ణి. ఆయన చెప్పినవాటిలో సగం వేరే నోళ్ళలో బాగుచేశాను.

ఆ తర్వాత నేను డాక్టరు గారిని నా సెట్టు కోసం గట్టి పన్ను తీయమని అడగలేదు. ఉన్న పంటి చుట్టూ కట్టడం నేర్చుకున్నాను. అందంలో కొంత తగ్గాను. అచ్చు తీసే ముందు మనిషిని ఏం పని చేస్తావని అడిగేవాణ్ణి. దారం పంటితో తెంపే దర్జీ, మేకులు పెదవుల మధ్య పట్టుకునే వడ్రంగి, సన్నాయి ఊదే మనిషి, ఒక్కొక్కరికీ నోరు ఒక్కో పనిముట్టు. మీరు మర బిగించే ముందు ఫోటోలు తీస్తారు, ఎముక కొలుస్తారు. అదంతా అవసరమే. ఆ పక్కనే ఒక గడి ఖాళీగా ఉంచి, ఈ మనిషి ఈ పళ్ళతో ఏం చేస్తాడు అని రాసుకోండి. పక్కన గట్టి పన్ను ఉంటే, వంకరగా ఉన్నా, నల్లగా ఉన్నా, దాన్ని తీయడానికి తొందరపడకండి. మీ మర దానికంటే గట్టిగా నమలవచ్చు. దానికి తెలిసినంత మాత్రం మీ మరకు తెలియదు.

మిల్లులో వడ్లు కొరికిన ఆ సాయంత్రం తిరుగు బస్సు ఎక్కాను. డాక్టరు గారు నా చొక్కా మీది ధూళి చూసి కిటికీ వైపు జరిగి చోటిచ్చారు. నా కుడి దవడ పళ్ళ సందులో వడ్లపొట్టు ఒకటి ఇరుక్కుని ఉంది. వెంట్రుకంత కూడా ఉండదు. నాలుకకు దొరకడం లేదు. కానీ అటు ఒక పన్నుకూ ఇటు ఒక పన్నుకూ అది ఉందని తెలుస్తూనే ఉంది. ఇంత చిన్నదాన్ని కూడా వదలకుండా చెప్పే పళ్ళు నాలుగింటిని ఆ మనిషి నోట్లోంచి తీయించాను. నేను దవడ కదిలించడం చూసి డాక్టరు గారు అగ్గిపుల్ల ఒకటి కొన చెక్కి ఇచ్చారు. తీసుకుని జేబులో పెట్టుకున్నాను. సూర్యాపేటలో బస్సు దిగేదాకా దాన్ని వాడలేదు.